చొక్కా చేతి మీది ఉపన్యాసం

ఊదారంగు పెన్సిలు మరక సబ్బుకు లొంగదు. పుల్లమజ్జిగలో నానేసి, ఉప్పు చల్లి, నిమ్మచెక్కతో రుద్దాలి. అప్పటికీ పోకపోతే ఎండలో పడేసి, రాసినాయన్ని మనసులో నాలుగు తిట్టుకుని, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాలి. మా ఇంటికి చాకలి లేక కాదు. నాగులమ్మ వారం వారం వచ్చి మూట కట్టుకుని పోయేది. కానీ మా ఆయన ఉపన్యాసం చొక్కాలు మాత్రం ఆమె కంట పడకూడదని కట్టడి. ఆమె చిత్తూరంతా తిరిగే మనిషి, ఒక ఇంటి దండెం మీద ఏముందో ఇంకో ఇంట్లో చెప్పే మనిషి. లాయరు ధనంజయనాయుడు గారు కాగితం ముక్క లేకుండా గంటసేపు మాట్లాడతారని ఊళ్ళో పేరు. ఆ గంటసేపటి సరుకూ చొక్కా చేతుల చివర బొత్తాం పెట్టే పట్టీ మీద రాసి ఉంటుందని నాగులమ్మకు తెలిస్తే, పొద్దుగూకే లోపల గిరింపేట దాకా తెలిసిపోతుంది. అందుకని ఆ పేరును కాపాడే పని నాది. గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీ చేసి, ఆ పట్టీని రాతకు అనువుగా నిలబెట్టేదీ నేనే. సభ అయ్యాక ఆ రాత పోయేదాకా తోమేదీ నేనే. ఈ పనికి జీతం లేదు సరే, ఇది ఒక పని అన్న మాట కూడా ఎవరి నోటా వినలేదు.

నిజం చెప్పొద్దూ, ఆయన మాట్లాడితే బాగుంటుంది. ఎంత కోపంగా ఉన్నప్పుడైనా ఆ మాట కాదనలేను. సభలు జరిగే రీడింగు రూములో ఆడవాళ్ళకు అడ్డంగా వెదురు తడిక కట్టేవారు. దాని సందుల్లోంచి చూస్తుంటే ఆయన లేచి, కోటు సరిచేసుకుని, వాచీ చూసుకున్నట్టు ఎడమ చేతిని ఒకసారి ముందుకు తెచ్చుకునేవారు. అంతే. ఆ ఒక్క చూపులో రెండు మాటలు అందుకుని, వాటిని పట్టుకుని ఎక్కడెక్కడికో పోయి, నవ్వించి, కళ్ళు తడి చేయించి, మళ్ళీ వాచీ చూసుకున్నట్టు చేతి వంక చూసేవారు. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగితే జనం ముందుకు వంగుతారో ఆయనకు పుట్టుకతో వచ్చింది. పక్కింటి తిరుమలమ్మ నా చెయ్యి పట్టుకుని, ఎంత పుణ్యం చేసుకున్నావే చంద్రకాంతం, అనేది. చేసుకునే ఉంటానని నేనూ అనుకునేదాన్ని.

అయితే ఆ రెండు మాటలు ఎక్కడివి? అదీ చెప్పాలి. సభకు ముందురోజు సాయంత్రం ఆయన అన్నానికి కూర్చుని, మొదటి ముద్ద కలుపుతూ, "ఏమే, ఫలానా సంగతి గురించి నువ్వేమంటావు?" అని అడిగేవారు. అడిగి, వినని వాడిలాగా పప్పులో నెయ్యి కలుపుకునేవారు. నేను వడ్డిస్తూ, పొయ్యి మీద చారు పొంగకుండా చూసుకుంటూ, నోటికి వచ్చింది అనేదాన్ని. రేషను కార్డుల మీద సభ అన్నప్పుడు, బియ్యం తగ్గించినోళ్ళు ఆకలికి కూడా ఒక కార్డు ఇచ్చి దాన్నీ తగ్గించి ఉంటే బాగుండేది గదా అన్నాను. అని మర్చిపోయాను కూడా. మర్నాడు ఆయన ఆ మాట అనగానే రీడింగు రూము పైకప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. తడిక వెనక నేను కూడా కొత్తగా విన్నట్టే నవ్వాను, ఆయన నోట అది అంత బాగుంది మరి. ఇంటికొచ్చి చొక్కా తీసి చూస్తే పట్టీ మీద 'ఆకలి కార్డు' అని ఉంది. ఆ మరక రుద్దుతూ ఉంటే గర్వంగానూ ఉంది, గుండెలో ఎక్కడో చురుక్కుమంటూనూ ఉంది. ఆ రెండిట్లో ఏది ఎక్కువో అప్పట్లో నాకే తెలియదు.

చురుకు ఎక్కువైంది మాత్రం ఇంకో రోజు. కోర్టు వాళ్ళు నలుగురు భోజనానికి వచ్చారు. నేను సాంబారు గిన్నె పట్టుకుని వాళ్ళ మధ్య తిరుగుతున్నాను. సీనియరు వకీలు జయరావు గారు మర్యాదకు, వంట బ్రహ్మాండంగా ఉందమ్మా అన్నారు. నేను జవాబు చెప్పబోయే లోపల ఈయన అందుకుని, "మా ఆమెకు నోట్లో నాలుక లేదు సార్. ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాల" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వి, ఆయన విస్తట్లో ఇంకో గరిటె సాంబారు ఎక్కువే పోశాను. కాలింది కాబోలు, ఉలిక్కిపడ్డారు.

ఆ జయరావు గారి వల్లే మా ఇంట్లోకి ఒక ఇంగ్లీషు మాట వచ్చింది. మిషను బంగళాకు చుట్టపు చూపుగా వచ్చిన ఒక అమెరికా దొరసాని ఒకనాడు రీడింగు రూము సభకు వచ్చింది. పక్కన ఎవరో తర్జుమా చెబుతుంటే ఈయన మాట్లాడిందంతా శ్రద్ధగా వింది. సభ అయ్యాక ఎదురొచ్చి చెయ్యి కలిపి, మీరిదంతా ఆఫ్ ది కఫ్ మాట్లాడారు గదా, ఎంత గొప్ప అన్నదట. కఫ్ అంటే ఆ పట్టీయే. ఈయన పట్టుబడిపోయాననుకుని, ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకుని, నేరుగా ఇంటికి వచ్చేశారు. కోటు కూడా విప్పకుండా కూర్చుని, దొరసాని చూసేసింది, రేపు కోర్టులో నా మొహం ఎట్లా చూపేది అని ఒకటే గోల. అన్నం కూడా సరిగ్గా తినలేదు. నేను జాలిపడి విసనకర్రతో విసిరాను. మర్నాడు జయరావు గారిని డొంకతిరుగుడుగా అడిగితే ఆయన విడమరిచి చెప్పారట. వాళ్ళ దేశంలో విందుకు పోయినవాణ్ణి ఉన్నట్టుండి మాట్లాడమంటే, కాగితం లేక అక్కడికక్కడ చొక్కా పట్టీ మీద రెండు మాటలు గీక్కుని లేచేవాడనీ, ఆ మాట అట్లా పుట్టిందంటారనీ. ఇప్పుడు రాసుకున్నా రాసుకోకపోయినా, ముందుగా తయారు కాకుండా అప్పటికప్పుడు మాట్లాడితే ఆ మాట వాడతారు. వారం రోజులు కూర్చుని రాసుకొచ్చిన దానికి వాడరు. ఎవరైనా ప్రశ్న అడిగితే తడుముకోకుండా చెప్పిన జవాబుకు కూడా వాడొచ్చు. అంటే దొరసాని దొంగను పట్టుకోలేదు, మెచ్చుకుంది.

ఆ రోజు నుంచి ఆయనకు ఆ మాట ముద్దయిపోయింది. కోర్టులో వాదించి వస్తే, ఈ పొద్దంతా ఆఫ్ ది కఫ్పే అనేవారు. పదకొండు గంటలకు గుమాస్తా మునిరామయ్యను పంపి మధ్యాహ్నానికి అయిదుగురు వస్తున్నారని చెప్పించి, ఆఫ్ ది కఫ్ ఏదో ఒకటి చేసెయ్యమనేవారు. చేసేదాన్ని. చింతపండు నానేసే టైము లేకపోతే మామిడికాయ కోసి పప్పులో వేసేదాన్ని. వచ్చినవాళ్ళు ఆకులో మెతుకు మిగల్చకుండా తినిపోయేవారు. తిరుచానూరులో మా నాయన పూలతోట పెట్టుకున్నవాడు. కోవెలకు వేళకు మాల అందాలి గనక, ఏ పూలు దొరికితే వాటితోనే అందంగా కట్టెయ్యడం చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటు. కడుతూ కబుర్లు చెప్పడం నోటికి అలవాటు. ఇవి గొప్పలని నాకు అప్పుడు తెలియదు, ఎవరూ చెప్పలేదు గనక.

ఇక మా అత్త వరదమ్మ. ఆమెను గురించి చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. అక్షరం రాదు, మోకాళ్ళు పట్టేసి గోడ పట్టుకుని నడుస్తుంది, కానీ ఆమె ఒక మాట అంటే తిరిగి అనడానికి జిల్లా కోర్టులో కూడా మనిషి లేడు. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆ నోరంటే నాకు భయం. తర్వాత తర్వాత ఆ నోరు ఎప్పుడూ బలమైన వాళ్ళ మీదికే పోతుందని కనిపెట్టాను. నన్ను ఒక్కనాడూ ఎత్తిపొడిచింది లేదు. ఆమె మాట్లాడుతుంటే నేను చెయ్యి పని ఆపి వినేదాన్ని, ఇప్పుడు తలుచుకున్నా నాకు మురిపెంగా ఉంటుంది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఊళ్ళో ఆడపిల్లల బడికి ఫస్టు ఫారం, అంటే ఆరో తరగతి, వచ్చింది. అంతకు ముందు అయిదు దాకానే. మా అమ్మాయి అలివేలు ఆ ఏడే అయిదు ముగించింది. పరీక్ష అయిన రోజు నుంచే పిల్ల తన పాత పుస్తకాలకు కొత్త అట్టలు వేసుకుంటూ కూర్చుంది. ఆయన మాత్రం ఒక ఉదయం ముఖం కడుక్కుంటూ, చదివింది చాలు, మానిపించెయ్ అన్నారు. అమ్మకు మోకాళ్ళు లేవు, నీకు చేతి కింద మనిషి కావాల, బావిలో నీళ్ళు తోడేదానికైనా పనికొస్తాది అన్నారు. అది విని మా అత్త, నా మోకాళ్ళ పేరు చెప్పి దాని నెత్తిన బిందె పెట్టొద్దు రా అన్నది. ఆయన వినిపించుకోలేదు. పిల్ల అట్టలు వెయ్యడం ఆపింది. బిందె తీసుకుని బావి దగ్గరికి పోయింది.

ఆ వారంలోనే బడివాళ్ళు వచ్చారు. ఫస్టు ఫారం ప్రారంభానికి శనివారం సాయంత్రం సభ, స్త్రీ విద్య మీద మీరే మాట్లాడాలి, మీరు మాట్లాడితే తల్లిదండ్రులు పిల్లల్ని చేర్పిస్తారు అని అడిగారు. ఆయన ఉబ్బిపోయి ఒప్పుకున్నారు. శుక్రవారం సాయంత్రం అన్నానికి కూర్చుని ముద్ద కలుపుతూ, "ఏమే, ఆడోళ్ళ సదువు గురించి నువ్వేమంటావు?" అన్నారు. నేను గరిటె పట్టుకుని ఆయన వంక చూశాను. మరి అలివేలు సంగతేమిటన్నాను.

"అది యేరు, ఇది యేరు. సభ సంగతి సెప్పు" అన్నారు.

సిగ్గులేని నోరు నాది, చెప్పేశాను. అలవాటు. అడిగితే వచ్చేస్తుంది. ఏం చెప్పానో కూడా సరిగ్గా గుర్తు లేదు, బాగానే చెప్పి ఉంటాను, ఎందుకంటే ఆయన ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయారు. చెయ్యి కడుక్కుని నేరుగా ఇస్త్రీ చొక్కా దగ్గరికి పోయారు.

శనివారం మధ్యాహ్నం ఆయన సభకు తయారై కూర్చున్నాక గిరింపేట నుంచి కబురు వచ్చింది, గుమాస్తా మునిరామయ్య తండ్రి పోయాడని. పోకుండా ఉండటానికి లేదు. ఆ చొక్కాతోనే వెళ్ళారు. అక్కడి నుంచి నేరుగా సభకు పోదామని ఆయన ఆలోచన. కానీ జట్కా ఒక్కటే, నేనూ మా అత్తా అలివేలూ కూడా సభకు రావాలి. మమ్మల్ని ఎక్కించుకోవడానికి ఇంటి ముందు ఆగక తప్పలేదు. చావింటికి పోయివచ్చినవాడు తల మీద నీళ్ళు పోసుకోకుండా ఇంకొకరిని ముట్టుకోకూడదు, ఆ కట్టుబట్టలు తడవకుండా గడప దాటకూడదు. ఇంత చిన్న సంగతి ఆ పూట లాయరు గారి బుర్రకు తట్టలేదు. మా అత్త వీధి అరుగు మీద కర్ర పట్టుకుని నిలబడి ఉంది.

"ఆడనే నిలబడు. పక్క సందులో బాయి కాడికి పో."

టైమైపోయిందమ్మా, సభకు పోయొచ్చి పోసుకుంటా అని ఆయన బతిమాలారు. లాభం లేదు. కోటు విప్పించి, గోడ పట్టుకుని తానే వెనకాల నడిచి, నా చేత బిందె తోడించి, చెంబుతో ఆయన తల మీద పొయ్యడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని తడుస్తూ, ఎడమ చెయ్యి మాత్రం పైకెత్తి పట్టుకున్నారు. ఈ సెయ్యి ఒక్కటి వదిలిపెట్టమ్మా అన్నారు.

"ఏం, ఆ సెయ్యి సావింటికి రాలేదా?" అని ఆమె ఆ చేతిని కిందికి లాగి, దాని మీద నిండు చెంబు కుమ్మరించింది. ఆ పట్టీ మీద ఏముంటుందో మా అత్తకు తెలుసో తెలియదో ఈనాటికీ నాకు తెలియదు. రాత అలికిపోయి, ఊదారంగు వేళ్ళ చివర దాకా కారిపోయింది.

ఆయన పొడి చొక్కా, ఇంకో కోటు తొడుక్కుని, పెన్సిలు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. రాత్రి చెప్పింది ఒక్క ముక్కా గుర్తుకు రావడం లేదు, మళ్ళీ చెప్పు, తొందరగా అన్నారు. గుర్తు లేదన్నాను. నిజంగానే లేదు. అయితే కొత్తగా చెప్పు, నీకేముంది, నోరు తెరిస్తే అదే వస్తాది అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నా మాటను ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. అదీ జట్కా బయట ఎదురుచూస్తుంటే, తువ్వాలుతో తల తుడుచుకుంటూ. నాకు ఆ మెప్పు తియ్యగానే ఉంది, ఎందుకు అబద్ధం చెప్పాలి. మాటలు నోటి దాకా వచ్చేశాయి కూడా. తలుపు పక్కన అలివేలు నిలబడి ఉంది, బిందె మోసి మోసి నడుము దగ్గర లంగా తడిసిపోయి. నేను నోరు మూసుకున్నాను.

పిల్లను చేరుస్తారా అని అడిగాను. మళ్ళా అదే మాట, అది యేరని అంటిని గదా అని విసుక్కున్నారు. అయితే నాకేం రాదండీ అన్నాను. ఆయన పెన్సిలు అక్కడే కిటికీలో పెట్టి జట్కా ఎక్కారు.

బడి ఆవరణలో పందిరి వేశారు. ఆడపిల్లల బడి గనక తడిక లేదు, మేము ముందు చాపల మీద కూర్చున్నాం. పెద్ద పంతులమ్మ శకుంతలమ్మ గారు అధ్యక్షురాలు. ఆమె ఆయన్ని గురించి రెండు మంచి మాటలు చెప్పి పిలిచారు. ఆయన లేచారు. సభకు నమస్కారం చెప్పారు, బడికి అభినందనలు చెప్పారు, స్త్రీ విద్య చాలా ముఖ్యమైన విషయమన్నారు. తర్వాత ఎడమ చెయ్యి ముందుకు తెచ్చుకున్నారు. గంజి పెట్టిన తెల్లటి పట్టీ. నేను పెట్టిన గంజే. చాలా ముఖ్యమైన విషయం అని మళ్ళీ అన్నారు. వెనక ఎవరో దగ్గారు. ఆయన బడి పూలకుండీల వంక, పందిరి వంక చూసి, చివరికి నా వంక చూశారు.

పగ తీరింది గదా అని మీరనుకుంటారు. ఒట్టు, నాకు ఏడుపు వచ్చింది. అంత చక్కటి గొంతు అట్లా మూగపోయి నిలబడటం నేను చూడలేకపోయాను. వాడట్లా ఆగిపోయినాడేమే అని మా అత్త నా మోకాలు గిల్లింది. నేను లేచి నిలబడ్డాను. లేచేదాకా లేస్తానని నాకు తెలియదు. ఏం చెప్పాలో అసలే తెలియదు.

"నేను వీరి ఇంటామెను" అన్నాను. "మా అలివేలు అయిదు ముగించింది. నీళ్ళు తోడేదానికి మనిషి కావాలని మానిపిద్దామనుకున్నాము. మా ఇంట్లో ఆ బిడ్డ కన్నా బలమైన సేతులు ఇంకా ఉండాయి. సోమవారం అది ఫస్టు ఫారంలో సేరతాది. మీ ఇండ్లలో కూడా యెవురి సేతులు ఖాళీగా ఉండాయో సూసుకోని, మీ బిడ్డల్ని పంపించండి."

కూర్చున్నాను. చాపల మీది ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమని నవ్వారు, ఆ నవ్వు పందిరంతా పాకింది. శకుంతలమ్మ గారు నవ్వుతూ చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. ఆయన కూడా కొట్టక తప్పలేదు. అలివేలు నా చీర చెంగు పిడికిట్లో పట్టుకుని, తల ఎత్తకుండా కూర్చుంది.

అప్పుడు ఆయన మాట్లాడారు. తాను మద్రాసులో లా చదివే రోజుల్లో ఇంటికి ఉత్తరం రాస్తే, మా అత్త దాన్ని కొంగున కట్టుకుని, చదివి పెట్టే మనిషి కోసం వీధులు తిరిగేదట. పరాయి మగవాడి ఎదుట నిలబడి కొడుకు క్షేమం వినాల్సి వచ్చేదట. అందుకని తనకు జ్వరం వచ్చినా ఆ సంగతి రాసేవాణ్ణి కాననీ, అమ్మ ఎవరి ముందూ ఏడవకూడదనీ అన్నారు. అక్కడ మాట ఆగింది. అది ఆయన ఆపాలని ఆపిన చోటు కాదు. చెయ్యి వంక ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఆ మాటలు నావి కావు, నాకు ఆ సంగతే తెలియదు. మా అత్త ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన్ని ఎన్నోసార్లు మెచ్చుకున్నాను గానీ, ఆ పూట మెచ్చుకున్నట్టు ఎప్పుడూ మెచ్చుకోలేదు. ఎంత బాగా మాట్లాడారో, ఎంత తడబడుతూ మాట్లాడారో.

తిరుగు జట్కాలో ఆయన గాల్లో తేలుతున్నారు. జనం దండ వేశారు, నలుగురు తండ్రులు అక్కడికక్కడే పేర్లు రాయించారు. తొడ మీద చరుచుకుని నా వైపు తిరిగారు.

"ఏం పాయింటు ఇచ్చినావే చంద్రా! సరిగ్గా సమయానికి అందించినావు. జనం నిజమే అనుకునేసినారు."

అలివేలు నా ముఖంలోకి చూసింది. మా అత్త కొంగు తీసి కొడుకు వంక చూసింది. నేను దండలోంచి జారిపడిన పూరేకులు ఆయన కోటు మీది నుంచి దులిపాను.

"అది పాయింటు కాదండీ" అన్నాను. "సోమవారం బిడ్డను నేనే పిలుచుకోని పోతా. పెందలకడ లేసి నీళ్ళు తోడి పెట్టండి, తలకు పోసి పంపించాల."